సింగరేణి పుట్టినిల్లు ఇల్లందు: పట్టణ చరిత్రను, జనాభాను ఎలా రాయాలి?

కృష్ణలంక పాఠకుడు (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. బెజవాడ జంక్షన్ ఎదుగుదలకూ సింగరేణి బొగ్గుకూ ఉన్న సంబంధం గురించి మా గ్రంథాలయ సంచికకు ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. అందులో ఇల్లందుకు ఒక పూర్తి భాగం కేటాయించాలని నా కోరిక. సింగరేణి అనగానే ఇప్పుడు అందరికీ కొత్తగూడెం, రామగుండం, భూపాలపల్లి గుర్తుకు వస్తాయి గానీ, ఆ సంస్థ చరిత్రలో మొట్టమొదట బొగ్గు తవ్విన ఊరు ఇల్లందేనన్న సంగతి మన కృష్ణా, గుంటూరు జిల్లాలలో చాలామందికి తెలియదు.

చరిత్ర భాగం కొంతవరకు కుదిరింది. చిక్కంతా జనాభా దగ్గర వచ్చింది. 2011 జనగణనలో ఇల్లందు పట్టణ జనాభా 33 వేల పైచిలుకు. భూగర్భ గనులు ఒకదాని తరువాత ఒకటి మూతపడుతూ వచ్చిన ఊరు ఈపాటికి పాడుబడి ఉండాలని బయటివాళ్ళు అనుకుంటారు. ఇల్లందు పాడుబడలేదు. అయితే గనిని నమ్ముకుని బతికిన కుటుంబాలు ఎటు వెళ్ళాయి, ఇప్పుడు ఆ ఊళ్ళో ఉంటున్నది ఎవరు, ఈ మార్పును అంకెలతో చూపించడం సాధ్యమేనా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా మనవి.

రైలుపట్టాలు (సత్యనారాయణపురం, విజయవాడ)

జనాభా సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. ముందుగా రైలు తేదీలను వరుసలో పెడతాను, ఎందుకంటే ఇల్లందుకు జనం చేరడం రైలుతోనే మొదలైంది.

నేటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుండి సికింద్రాబాదు వరకు నిజాం రైల్వే 1874లో వచ్చింది. అక్కడి నుండి తూర్పుగా పొడిగించే పని తరువాతి దశాబ్దంలో సాగి, 1886లో వరంగల్లుకు, 1888లో డోర్నకల్లుకు చేరింది. డోర్నకల్లు నుండి సింగరేణి గనులకు శాఖా మార్గం వేసింది కూడా 1888లోనే. మరుసటి ఏడాది, 1889 ఫిబ్రవరిలో, ప్రధాన మార్గం బెజవాడను తాకింది. ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైనది కూడా 1889లోనే. ఈ తేదీలన్నీ ఇంత దగ్గరదగ్గరగా పడడం యాదృచ్ఛికం కాదు. గని లేకపోతే ఆ అడవిలోకి శాఖా మార్గం వేసేవారు కారు. రైలు లేకపోతే తీసిన బొగ్గు గని నోటి దగ్గరే గుట్టలుగా పడి ఉండేది.

బెజవాడ వైపు నుండి చూసినా ఇది ముఖ్యమే. 1893లో కృష్ణపై రైలు వంతెన తెరుచుకున్న తరువాత మద్రాసు దారి కలిసింది. గుంతకల్లు వైపు మీటరు గేజి మార్గం, వాల్తేరు వైపు తూర్పు కోస్తా మార్గం, హైదరాబాదు మార్గం, అన్నీ ఇక్కడే కలిశాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో దక్షిణాదికి బొగ్గు రావాలంటే బెంగాలు నుండి ఓడలోనో, రైలులోనో చాలా దూరం రావాలి. వందో నూటపాతికో కిలోమీటర్ల దూరంలోనే బొగ్గు దొరకడం బెజవాడ జంక్షనుకు ఎంత పెద్ద వరమో, రైల్వేలో పని చేసిన ప్రతివాడికీ తెలుసు. మీ వ్యాసంలో ఇల్లందును దూరపు ఊరిలా చూపించకండి. మన స్టేషనులో పొగలు కక్కిన ఇంజన్లలో మండినది ఆ ఊరి బొగ్గే.

పాత పత్రాలు (బ్రాడీపేట, గుంటూరు)

రైలుపట్టాలు గారు చెప్పిన దానికి ముందు భాగం చేరుస్తాను.

భద్రాచలం వెళ్ళే యాత్రికులు దారిలో వంటకు రాళ్ళు పేర్చి మంట పెడితే ఆ నల్లరాళ్ళే అంటుకున్నాయన్న కథ ఇల్లందు ప్రాంతంలో ఈనాటికీ చెప్పుకుంటారు. దానిని జనశ్రుతిగానే రాయండి. పత్రాలలో నిలిచిన విషయం ఏమిటంటే, భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇక్కడ బొగ్గును గుర్తించాడు. ఆయన పేరిటే అక్కడి బొగ్గు పొరను నేటికీ కింగ్ సీమ్ అంటారు. ఇంగ్లండులో 1886లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు తీసుకుంది. ఆ హక్కుల వ్యవహారంలో, కంపెనీ వాటాల అమ్మకంలో పెద్ద గోల జరిగింది. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా ఉన్న అబ్దుల్ హక్ తన పదవిని పోగొట్టుకున్నాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దీనిపై విచారణ జరిపింది. లండన్‌లో వాటాల ధరలపై వాదులాడుతున్న ఆ రోజుల్లోనే ఇక్కడ కోయగూడేల పక్కన అడవి కొట్టి పట్టాలు పరుస్తున్నారు. ఆ గూడేల వారి అభిప్రాయం ఏ కమిటీ ముందూ నమోదు కాలేదు. ఈ విషయం మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా ఉండాలని నా అభిప్రాయం.

తరువాతి మెట్లు క్లుప్తంగా: 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైంది, 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను కొన్నది, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది, 1960 నుండి కేంద్రం కూడా భాగస్వామి. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. సింగరేణి అన్న పేరు కారేపల్లి దగ్గరి గ్రామానిది, నేటి ఖమ్మం జిల్లాలోనిది.

భూగర్భం (గుంటూరు)

ఇల్లందు ఎందుకు ముందుగా తరిగిపోయిందన్న ప్రశ్నకు నేల కిందనే జవాబు ఉంది. ప్రాణహిత, గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున గోండ్వానా శిలలు పరుచుకుని ఉన్నాయి. బొగ్గు ప్రధానంగా వాటిలోని బరాకర్ పొరలలో, అంటే పెర్మియన్ యుగపు పొరలలో ఉంటుంది. ఇల్లందు బొగ్గు క్షేత్రం ఆ పెద్ద పరుపు నుండి విడిపోయి ఉన్న చిన్న తునక. రైలు మార్గానికి దగ్గరగా ఉండడం వలన మొదట దొరికింది, చిన్నది కావడం వలన త్వరగా అరిగింది. అందుకే కంపెనీ 1920ల చివర్లో బెల్లంపల్లి వైపు, 1937లో కొత్తగూడెం వైపు చూసింది. ఇల్లందు గని అక్కరకు రాకుండా పోయినందున కంపెనీ కదిలిందని కొందరు రాస్తుంటారు గానీ, ముందుచూపు ఉన్న ఏ గని సంస్థ అయినా ఒక పొర అరుగుతుండగానే మరొకదాని కోసం బోరు వేస్తుంది.

బొగ్గుట్ట ఆడబిడ్డ (అరండల్‌పేట, గుంటూరు)

నేను పుట్టింది, పదో తరగతి దాకా చదివింది ఇల్లందులోనే. మెట్టినిల్లు గుంటూరు. మా ఊరిని ఈనాటికీ పెద్దవాళ్ళు బొగ్గుట్ట అనే పిలుస్తారు. కృష్ణలంక గారు అడిగిన ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మా ఊరి గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది గనిని రాసి జనాన్ని వదిలేస్తారు.

గనిలో పని చేసేవాళ్ళను ప్రతి షిఫ్టులోనూ లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఉండేదని మీరు మొదట తెలుసుకోవాలి. మా నాన్నగారు బావిలోకి, అంటే భూగర్భ గనిలోకి, దిగే ముందు లాంప్ రూములో తన నంబరున్న బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకునేవారు. షిఫ్టు దిగి పైకి వచ్చి దీపం అప్పగిస్తేనే బిళ్ళ తిరిగి చేతికి వచ్చేది. గోడకున్న చెక్క బోర్డు మీద మేకులకు బిళ్ళలు వరుసగా వేలాడేవి. షిఫ్టు ముగిశాక బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఆ మనిషి ఇంకా నేల కిందనే ఉన్నట్లు లెక్క, ఆ మనిషి కోసం పైన ఒక కుటుంబం ఎదురు చూస్తున్నట్లు లెక్క. సైరన్ వేళ కాని వేళ మోగితే క్వార్టర్ల వరసల్లోని ఆడవాళ్ళంతా చేతిలో పని వదిలేసి బావి గేటు వైపు పరుగు పెట్టేవారు. ఆ బోర్డును చూడడానికే ఆ పరుగు.

ఇక ఎవరు ఎటు వెళ్ళారన్న ప్రశ్న. కంపెనీ క్వార్టరు పని ఉన్నంతవరకే. రిటైరు కాగానే ఖాళీ చేయాలి. చుట్టూ ఉన్నవి ఏజెన్సీ మండలాలు, అక్కడ 1/70 చట్టం ఉంది కనుక గిరిజనేతరులు భూమి కొనే వీలు లేదు, ఆ వీలు ఉండకూడదు కూడా. కాబట్టి ముప్పై ఏళ్ళు ఇక్కడ పని చేసిన మనిషి కూడా చివరికి తన సొంత ఊరికో, ఖమ్మానికో, విజయవాడకో వెళ్ళి ఇల్లు కట్టుకున్నాడు. పని ఉన్నవాళ్ళను కంపెనీ కొత్తగూడెం, మణుగూరు, గోదావరిఖని వైపు బదిలీ చేసింది. మా వరసలో పన్నెండు ఇళ్ళుండేవి. ఆ కుటుంబాలలో ఇప్పుడు ఇల్లందులో ఉన్నవి రెండే. అయినా ఊరు ఖాళీగా లేదు. అంగళ్ళు నిండుగానే ఉన్నాయి. ఆ అంగళ్ళకు వచ్చేవారు చుట్టుపక్కల గూడేల, తండాల వాళ్ళు.

జనగణన (గుంటూరు)

ఆడబిడ్డ గారు చెప్పినది ఈ చర్చకు ప్రాణం. దానిని అంకెల భాషలో పెడతాను.

పట్టణ జనాభా అన్నది ఒక తేదీన ఉన్న నిల్వను మాత్రమే చెబుతుంది. 2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు లెక్కించి మార్చి 1 తొలి క్షణానికి సరిచేశారు. ఆ పదేళ్ళలో ఎందరు వెళ్ళిపోయారు, ఎందరు వచ్చారు అన్నది మొత్తం అంకెలో కనిపించదు. పదివేల మంది వెళ్ళిపోయి పదివేల మంది వచ్చినా అంకె మారదు, ఊరు మాత్రం పూర్తిగా మారిపోతుంది. గని ఊళ్ళలో జరుగుతున్నది సరిగ్గా ఇదే కనుక, మొత్తం జనాభాతో పాటు మూడు విషయాలు చూడండి. మొదటిది స్త్రీ పురుష నిష్పత్తి. ఒంటరి మగవాళ్ళు పనికి వచ్చే దశలో మగవాళ్ళ సంఖ్య ఎక్కువగా ఉంటుంది, కుటుంబాలు స్థిరపడితే సమానమవుతూ వస్తుంది. రెండవది షెడ్యూల్డు తెగల వాటా. మూడవది ప్రధాన శ్రామికులు, అంటే ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పని చేసినవారు, ఏయే రంగాలలో ఉన్నారన్నది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి, దీనిని చాలామంది పట్టించుకోరు. హద్దులు మారితే జనాభా మారుతుంది. కొత్తగూడెం 2011 జనాభా 79,819. ఇప్పుడు పాల్వంచతో కలిపి కార్పొరేషను చేశారు. రాబోయే జనగణనకు, అంటే 2027 మార్చి 1 నాటి లెక్కకు, కొత్తగూడెం ఒక్కసారిగా పెద్ద నగరంగా కనబడుతుంది. పుట్టుకల వలన గానీ వలసల వలన గానీ కాకుండా గీత జరిపినందున వచ్చిన పెరుగుదల అది. జిల్లాల విషయం కూడా అంతే. ఇల్లందు మొదట వరంగల్లు జిల్లాలో, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పటి నుండి ఖమ్మంలో, 2016 అక్టోబరు 11 నుండి భద్రాద్రి కొత్తగూడెంలో ఉంది. పాత పుస్తకాలలో ఇల్లందు లెక్కలు వెతికేవారు ఏ జిల్లా సంపుటం తెరవాలో ముందే నిర్ణయించుకోవాలి.

కోస్తా వర్తకుడు (వన్‌టౌన్, విజయవాడ)

మా తాతగారు బందరు వైపు నుండి ఇల్లందుకు వెళ్ళి బియ్యం కొట్టు పెట్టారు. గని ఊళ్ళో జీతాల రోజున బజారు ఎలా ఉండేదో మా ఇంట్లో కథలు కథలుగా చెప్పేవారు. కోస్తా నుండి వెళ్ళిన వర్తకులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు కూడా ఆ ఊరి జనాభాలో భాగమే కదా. వారి పాత్రను వదిలేయవద్దని నా విన్నపం.

పాత పత్రాలు

వదిలేయకూడదు, అయితే పూర్తిగా రాయాలి. కోస్తా వారి రాకను స్థానికులు ఎప్పుడూ ఒకేలా చూడలేదు. 1969 తెలంగాణ ఉద్యమం మొదలైనది ఆ పక్కనే ఉన్న పాల్వంచలో, కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికేతరులకు ఉద్యోగాలు ఇచ్చారన్న ఆవేదన మీద. అప్పటికి ఆ ప్రాంతంలో చదువుకుని ఉద్యోగం లేక కూర్చున్న యువకులు ఎందరో ఉన్నారు. బియ్యం కొట్టు పెట్టిన మీ తాతగారిది కష్టార్జితమేనన్న దానిలో సందేహం లేదు. అదే సమయంలో, తన నేలలో తీసిన బొగ్గుతో నడిచే కర్మాగారంలో తనకు చోటు లేదని బాధపడ్డ కుర్రవాడిదీ న్యాయమైన వేదనే. విజయవాడలో కూర్చుని ఇల్లందు చరిత్ర రాసేవారు ఈ రెండవ భాగాన్ని దాటవేయడం చాలాసార్లు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోస్తా వర్తకుడు

మీరు చెప్పింది న్యాయంగా ఉంది. మా ఇంట్లోనూ ఆ రోజుల గురించి మాట్లాడుకునేవారు. అంగడి మూసుకుని కొన్నాళ్ళు బెజవాడ వచ్చేశారట. ఎవరూ మా మీద చెయ్యి చేసుకోలేదని మాత్రం నాన్నమ్మ ప్రతిసారీ చెప్పేది.

బొగ్గుట్ట ఆడబిడ్డ

కార్మికులలోనూ అందరూ ఒకచోటి నుండి రాలేదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు పల్లెల నుండి వచ్చినవారు ఎక్కువ. తట్టా చెమ్మాసుతో (పారతో) బొగ్గు నింపే ఫిల్లర్ల పని అన్నిటికన్నా కష్టం, ఆ పనికి భూమి లేని దళిత కుటుంబాలే ఎక్కువగా వచ్చాయి. చేతితో తవ్వి టబ్బులో పోసేవారు. పని ఎంతో, కూలీ అంతే. పాత రోజుల్లో ఆడవాళ్ళు కూడా బావిలో పని చేసేవారని మా అమ్మమ్మ చెప్పేది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భ పనికి పూర్తిగా దూరం పెట్టింది. ప్రమాదం నుండి తప్పించారు గానీ, ఒక ఇంట్లో రెండు జీతాలుండే అవకాశం అక్కడితో పోయింది. మళ్ళీ 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలలో స్త్రీలకు పగటి వేళ అనుమతి ఇచ్చింది. చదువుకున్న మా ఊరి ఆడపిల్లలకు దాని వలన ఎంతో కొంత మేలు జరగాలని కోరుకుంటున్నాను.

భూగర్భం

జనాభా కథలో యంత్రం పాత్రను ఎవరూ ఎత్తలేదు. 1990-91లో సింగరేణిలో సుమారు 1 లక్షా 16 వేల మంది పని చేస్తుండగా వచ్చిన బొగ్గు 1.8 కోట్ల టన్నుల దగ్గర ఉండేది. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది, ఉద్యోగులు 40 వేల పైచిలుకు. కాంట్రాక్టు కార్మికులు ఈ లెక్కలో లేరు, వారిని విడిగా చూడాలి. బొగ్గు నాలుగు రెట్లు పెరిగితే పర్మనెంటు ఉద్యోగం మూడో వంతుకు పడిపోయింది.

కారణం ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుండే తవ్వే గని. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా బొగ్గు స్తంభాలను వదిలిపెడతారు. ఇల్లందు దగ్గరి జె.కె.5 ఓపెన్‌కాస్ట్ వంటి చోట్ల మట్టి పొరలన్నీ తొలగించి, షావెళ్ళతో, డంపర్లతో బొగ్గు ఎత్తుతారు. ఒక్క డంపరు డ్రైవరు ఎన్ని పదుల మంది ఫిల్లర్ల పని చేస్తాడో లెక్క వేయండి. కాబట్టి బొగ్గు అయిపోయినందువల్లనే పని పోయిందని రాస్తే సగమే చెప్పినట్లు. బొగ్గు ఇంకా వస్తున్న చోట కూడా పని తగ్గింది. పైగా తీసిన మట్టిని గుట్టలుగా పోసేందుకు భూమి కావాలి, దానికోసం ఊళ్ళు ఖాళీ అవుతాయి. ఆ ఊళ్ళ వాళ్ళలో కొందరు దగ్గరలోని పట్టణానికే చేరతారు. ఇల్లందు జనాభా నిలబడడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి.

జనగణన

వారసత్వ ఉద్యోగాల విషయం కూడా చేర్చాలి. తండ్రి స్థానంలో కొడుకుకు ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉన్నంత కాలం కుటుంబం ఊరిని వదిలేది కాదు. ఆ పద్ధతి 1990ల చివరలో ఆగిపోయింది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చింది కూడా ఆ కాలంలోనే. ఒక తరం మధ్య వయసులో ఇంటికి వెళ్ళింది, తరువాతి తరానికి పని దొరకలేదు. వైద్యపరంగా అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు ఇచ్చే విధానం తరువాత 2018లో తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్ళ విరామం ఒక ఊరికి చిన్నది కాదు. ఆ మధ్యలో చదువు పూర్తి చేసిన పిల్లలు హైదరాబాదుకు, మన వైపుకు వచ్చేశారు. 2011 లెక్కలో ఇల్లందు వయసుల వారీ పట్టిక దొరికితే ఇరవై నుండి ముప్పై అయిదు ఏళ్ళ మగవాళ్ళ వరుసను జాగ్రత్తగా చూడండి. అప్పటికి సాగిన ఈ విరామం ప్రభావం ఎక్కడైనా కనబడితే అక్కడే కనబడాలి.

రైలుపట్టాలు

ఒక్క విషయం చేర్చి ముగిస్తాను. డోర్నకల్లు నుండి కొత్తగూడెం వైపు వెళ్ళే మార్గంలో కారేపల్లి జంక్షన్ ఉంది. అక్కడి నుండి ఇల్లందుకు ఒక కొమ్మ వెళుతుంది. 1888లో అది ప్రధానమైన శాఖ. తరువాత కొత్తగూడెం వైపు మార్గమే ప్రధానమై, ఇల్లందు మార్గం దానికి కొమ్మగా మిగిలింది. కంపెనీ ప్రధాన కార్యాలయం 1940ల తొలినాళ్ళలో ఇల్లందు నుండి కొత్తగూడెం తరలిపోవడమూ ఇదే దిశలో జరిగిన మార్పు. ఆ రైల్వే పటాన్ని వ్యాసంలో వేయించండి, పాఠకులకు రెండు పేజీల వివరణ తప్పుతుంది.

కృష్ణలంక పాఠకుడు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. జనాభా భాగాన్ని ఇప్పుడు ఈ క్రమంలో రాయాలని నిర్ణయించుకున్నాను. మొదట కోయగూడేలు, తరువాత 1889 నాటికి చేరిన కూలీలు, ఆపై కార్యాలయం కొత్తగూడెం తరలిన కాలం, ఆ తరువాత 1969, చివరగా 1990ల నుండి యంత్రాలు, బదిలీలు, విరమణలు. 2011 అంకె దగ్గర జిల్లా, పట్టణ హద్దుల సంగతి ఒక పేరాలో విడిగా వివరిస్తాను. ఆడబిడ్డ గారు అనుమతిస్తే లాంప్ రూము బోర్డు గురించి వారు రాసినది వారి మాటల్లోనే వేస్తాను.

బొగ్గుట్ట ఆడబిడ్డ

తప్పకుండా వేయండి. మా నాన్నగారి నంబరు మాత్రం రాయవద్దు. ఆయన పోయాక ఆ నంబరు మరొకరికి ఇచ్చారు, ఆ మనిషి ఇంకా కొత్తగూడెంలో డ్యూటీ చేస్తున్నారు.